మీటరు వెనక గీత

ఆ ఎండాకాలం నేను ఎన్ని లక్షల కిలోమీటర్లు వెనక్కి తిప్పానో నాకే తెలియదు. మా కపియాటా ఊరు దాటి గట్టిగా నాలుగుసార్లు పోనిదాన్ని, మా వసారాలో బల్ల ముందు కూర్చుని, జపానులో ఎవరెవరో చేసిన ప్రయాణాలన్నీ పట్టకారుతో చెరిపేశాను. చెరిపినందుకు సిగ్గేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండేది. ఇరవై మూడేళ్ళొచ్చినా ఎక్కడా కుదురుగా నిలవని నాకు, మొదటిసారి ఒక పని చేతికి అబ్బింది.

మా నాన్న సిందుల్ఫో గడియారాలు బాగుచేసేవాడు. ఊళ్ళో ఆయన చేతిలో పడని గడియారం లేదు. అయితే చైనా ప్లాస్టిక్ గడియారాలు దిగాక, ఆగిపోయినదాన్ని పారేసి ఇంకోటి కొనుక్కోవడం జనానికి అలవాటైంది. నాన్న బల్ల ముందు కూర్చుని ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఎవేలియో వచ్చాడు. హైవే పక్కన అతనికి పాత కార్ల యార్డు ఉంది. చిలీ రేవులో దిగి, కొండలూ చాకో మైదానాల దుమ్మూ దాటుకుని వచ్చే ఆ జపాను కార్లన్నిటికీ స్టీరింగు కుడిపక్కన ఉంటుంది. దాన్ని ఎడమకు మార్చాలంటే డాష్‌బోర్డంతా ఊడదీయక తప్పదు. అప్పుడు కిలోమీటర్ల మీటరు ఎలాగూ చేతికొస్తుంది. ఎవేలియో దాన్ని తువ్వాలులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చి నాన్న ముందు పెట్టేవాడు.

"మేస్త్రీ, ఈ పెద్దావిడ పెళ్ళిచూపులకి కూర్చుంటుందట. వయసు కాస్త తగ్గించాలి," అనేవాడు.

ఎవరు పడితే వాళ్ళు స్క్రూడ్రైవరుతో పొడిచి తిప్పిన మీటర్లలో అంకెలు ఒకటి పైకి, ఒకటి కిందకి ఉంటాయి. కొనేవాళ్ళు ముందు చూసేది అదే. నాన్న తిప్పితే ఒక్క అంకె కూడా వెంట్రుకవాసి ఒరిగేది కాదు. ఇరుసు లాగి, అంకెల చక్రాలు ఒక్కొక్కటీ తీసి, తుడిచి, మళ్ళీ గుచ్చేవాడు. ఆ ఏడు ఆయన కళ్ళకి పొరలు బాగా కమ్మి, చక్రాల మీద అంకెలు ఆనడం మానేశాయి. డిసెంబరు నుంచి పట్టకారు నా చేతికొచ్చింది.

పనితో పాటు ఒక నియమం కూడా వచ్చింది. గడియారాల పనివాళ్ళు ఏ గడియారం విప్పినా, మూత లోపలివైపు సూదితో తమ గుర్తూ తేదీ గీసి మూస్తారు. తర్వాత విప్పేవాడికి అది ఎవరి చేతి మీదుగా వెళ్ళిందో తెలియాలి. నాన్న గుర్తు చిన్న చేప, రెండు వంకర గీతలంతే. కార్ల మీటర్లకీ ఆయన అదే పాటించాడు. డయలు రేకు వెనక చేప, తేదీ, వాటి పక్కన ఆ బండి నిజంగా తిరిగిన కిలోమీటర్లు.

"దొంగతనం చేసి గోడ మీద పేరు రాసి వచ్చినట్టుంది నాన్నా," అన్నాను నేను.

"ముందున్న అంకె ఎవేలియోది. అమ్ముకుంటాడు, వాడిష్టం. వెనకున్నది బండిది. దాన్ని దానికి లేకుండా చేస్తే మనం ఎవేలియో కంటే దిగజారినట్టు," అన్నాడు.

ఆయన లెక్క అది. మా అమ్మకు ఈ లెక్క ఏ కోశానా నచ్చేది కాదు. తెల్లారేసరికి చీపా రొట్టెలు కాల్చి, బుట్ట నెత్తికెత్తుకుని హైవే మలుపు దగ్గరకి పోతూ, దేవుడి వైపొక కాలూ సైతాను వైపొక కాలూ వేసి నిలబడ్డావు, ఎప్పుడో నడుం పట్టేస్తుంది సిందుల్ఫో అని ఎత్తిపొడిచేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు.

భూమధ్యరేఖకి దిగువనున్న మా దేశంలో ఎండాకాలం డిసెంబరులో మొదలవుతుంది, జనవరిలో ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కరెంటు పోయేది, ఫ్యాను ఆగేది, చెమటకు పట్టకారు జారేది. నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. ఒక చక్రం గుచ్చి లేచి గుమ్మం దాకా వెళ్ళేదాన్ని, మళ్ళీ వచ్చి ఇంకోటి గుచ్చేదాన్ని. మలుపులో ఏ లారీ బ్రేకు వేసినా ఉలిక్కిపడేదాన్ని. ఏమిటా తిరుగుడని నాన్న అడిగితే ఉక్కపోత అని చెప్పేదాన్ని. అప్పటికి అది నిజమే.

నెలాఖరులో పేపర్లో ఫోటో పడింది. వేరే ఊళ్ళో ఒక కార్ల యార్డు యజమానిని పట్టుకున్నారు. వాడి చేతులకి బేడీలు, ముందు బల్ల మీద వరసగా మీటర్లు. వాడు మామూళ్ళు పెట్టాల్సిన చోట పెట్టలేదు, అంతే సంగతి అని ఎవేలియో తేలిగ్గా తీసిపారేశాడు. నాకు మాత్రం ఆ ఫోటో కళ్ళలోంచి పోలేదు. పోలీసు ఎవడైనా ఒక్క డయలు విప్పితే చాలు. ఆ చేప మా ఊళ్ళో ప్రతి ఇంటి గడియారంలోనూ ఉంది. నా తండ్రి తన నేరానికి తానే రెండు నెలలుగా నా చేత సంతకాలు పెట్టిస్తున్నాడు.

ఫిబ్రవరి మూడున, సాన్ బ్లాస్ పండగ రోజు నుంచి గీయడం మానేశాను. అయితే నాన్నకు కళ్ళు పోయాయి గాని చెవులు పోలేదు. డయలు మూసేముందు సూది రేకు మీద గీకే చప్పుడు కోసం ఆయన తల కొంచెం వంచేవాడు. అందుకని పక్కనే ఒక బిస్కెట్ల డబ్బా మూత పెట్టుకుని, దాని మీద ఊరికే పిచ్చిగీతలు గీకేదాన్ని.

"గీశావా?" అనేవాడు.

"గీశాను," అనేదాన్ని.

ఒక్కసారి కూడా తడిమి చూడలేదు. నా మాట చాలనుకున్నాడు. ఆయన్ని కాపాడుతున్నానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

వారం తిరిగేసరికి ఊరంతా గౌరవంగా న్యా కసిల్దా అని పిలిచే ఆవిడ మా గుమ్మం ముందు హారను కొట్టింది. ఆవిడ మా వీధికి మూడు వీధుల అవతల ఉంటుంది, భర్త పోయి రెండేళ్ళయింది. తెల్ల వ్యాను కొనుక్కుంది, ఎవేలియో దగ్గరే. ఫిబ్రవరి ఆఖరి సోమవారం బళ్ళు తెరుస్తారు, ఆ రోజు నుంచి పిల్లల్ని ఎక్కించుకుని హైవే అవతల బడికి చేరుస్తుంది. అప్పటికే పదకొండు మంది కుదిరారట. ఆవిడ మణికట్టుకి భర్త గడియారం ఉంది. మగవాళ్ళ గడియారం, చేతికి వదులై గాజులా జారుతుంటుంది. దాన్ని రెండుసార్లు బాగుచేసింది నాన్నే.

"దోన్ సిందుల్ఫో, మా ఆయన గడియారం చెవి దగ్గర పెట్టుకుని జబ్బు చెప్పేశారు కదా. దీని గుండె కూడా ఒకసారి వినండి," అంది.

నాన్న ఇంజను మూత మీద చెవి ఆనించి నిజంగానే విన్నాడు. తనకు బండ్ల సంగతి తెలియదని నసిగాడు. ఆవిడకి ఆ నసుగుడు పట్టలేదు. వ్యాను తిరిగింది అరవై ఒక్క వేలేనని, అంకెలు ఎంత తిన్నగా ఉన్నాయో చూడమని నన్ను లోపలికి పిలిచి మరీ చూపించింది. టైమింగ్ బెల్టు లక్షకి మార్చాలని మెకానిక్కు చెప్పాడట. తెగితే మాత్రం బండి ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుందట. అయినా తనకి ఇంకా రెండేళ్ళు వ్యవధి ఉంది కదా అని నవ్వింది.

అంకెలు తిన్నగానే ఉన్నాయి. నేను గుచ్చినవే.

ఆవిడ వెళ్ళాక నాన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. హైవే దాటే చోటు ఆయన కళ్ళ ముందు కనిపిస్తోందని నాకు తెలుసు. అక్కడ లారీలు ఆగవు, హారను కొట్టుకుంటూ పోతాయి.

"ఆ వ్యాను మనదేనా?"

"మనదే."

"అసలెంత?"

"గుర్తులేదు నాన్నా. రోజుకి మూడు చేస్తున్నా కదా."

"పోన్లే. వెనకుందిగా," అన్నాడు.

ఆయన ఉపాయం కూడా చెప్పాడు. మీటరు ముల్లు వణుకుతోంది, శనివారం తీసుకురండి, సరిచేస్తాను అని కబురు పెడదాం. విప్పి వెనక చూద్దాం. అంకె లక్ష దాటి ఉంటే, ఇంజను చప్పుళ్ళో బెల్టు తేడా చెవికి తెలిసిందని ఆవిడతో చెబుదాం. ఆవిడ నమ్ముతుంది. ఆ పూటే మార్పించేస్తుంది. ఎవరి పరువూ పోదు.

శనివారం మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ నేను తిన్నది లేదు, పడుకున్నది లేదు, కూర్చున్నది అసలే లేదు. ఎండలో పడి ఎవేలియో యార్డుకి వెళ్ళాను. తెల్ల వ్యాను పాత అంకె ఎక్కడైనా రాసుకున్నావా అని అడిగాను. అతను తెరెరె అనే చల్లటి ఆకు కషాయం పీలుస్తూ నన్ను ఎగాదిగా చూశాడు.

"అమ్మాయ్, చెరిపేయడానికి మీకిచ్చి, ఇక్కడ రాసి దాచుకోడానికి నాకేమైనా పిచ్చా?" అన్నాడు.

తిరిగొస్తూ దారిలో ఒక అంకె కల్పించుకున్నాను. లక్షా నలభై రెండు వేల మూడు వందలు. నమ్మేటట్టుంది. నాన్న చూడలేడు, నేను చదివి వినిపిస్తాను. బెల్టు మారుతుంది, పిల్లలు క్షేమంగా ఉంటారు, నాన్నా నేనూ క్షేమంగా ఉంటాం. ఇంటికి చేరేలోపు ఆ అంకెను అంతగా పలవరించానంటే, అదే నిజమని నాకే అనిపించసాగింది.

శనివారం న్యా కసిల్దా వ్యాను తెచ్చి, మామిడిచెట్టు కింద అమ్మతో తెరెరె తాగుతూ కూర్చుంది. నేను మీటరు ఊడదీసి లోపలికి తెచ్చాను. నాన్న తానే విప్పుతానన్నాడు. వేళ్ళతో తడుముకుంటూ మరలు తీసి, డయలు రేకు విడదీసి నాకిచ్చాడు.

"చదువు."

"లక్షా నలభై రెండు వేల మూడు వందలు," అన్నాను. గొంతు వణకలేదు. వణకనందుకు నాకే భయమేసింది.

నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. విషయం తేలిపోయింది కదా, ఆయన ముఖం తేటపడింది. ఆవిడ దగ్గరకి వెళ్ళబోయి ఆగి, చెయ్యి చాపాడు.

"ఏదీ, నీ చేప ఎలా వచ్చిందో చూడనీ."

అనుమానంతో కాదు. కూతురి చేతిపని ఎలా ఉందో చూసుకోవాలనుకున్నాడు, అంతే. రేకు ఇవ్వక తప్పలేదు. బొటనవేలి గోరు అంచు నుంచి అంచుకి ఒకసారి వెళ్ళింది. రేకు తిప్పి పట్టుకున్నాడు, మళ్ళీ వెళ్ళింది. మూడోసారి వెళ్ళలేదు. రేకును బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఉంచాడు.

"ఎప్పట్నించి?"

"సాన్ బ్లాస్ నుంచి."

"మరి ఆ చప్పుడు?"

డబ్బా మూత తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. దాని మీద పిచ్చిగీతల్ని వేళ్ళతో చాలాసేపు చూశాడు. నిన్ను జైల్లో పెడతారని భయపడ్డాను నాన్నా, అందుకే, ఇంకెందుకూ కాదు అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. ఇప్పటికైనా మించిపోయింది లేదు, చెవితో పసిగట్టానని చెప్పెయ్, బెల్టు మార్చుకుంటుంది అని బతిమాలాను.

"ఆ గీత ఉందనే ఈ పనికి ఒప్పుకున్నా నీమియా," అన్నాడు. "ఎన్ని అబద్ధాలు చెప్పినా వెనకాల నిజం ఉందిలే అనుకుని నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు వెనకేముంది?"

గోడ పట్టుకుని బయటికి నడిచాడు. మామిడిచెట్టు కింద నిలబడి, ఆవిడ పేరు పెట్టి పిలిచి, అంతా చెప్పాడు. ఆ అరవై ఒకటి మేం పెట్టిన అంకె అనీ, పెట్టినందుకు ఎవేలియో డబ్బిచ్చాడనీ, అసలు అంకె ఎక్కడా లేకుండా పోయిందనీ చెప్పాడు. నా పేరెత్తలేదు. అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నేను గుమ్మంలోంచి, చెరిపింది నేను అన్నాను. అంత చిన్న మాట అనడానికి నాకు నడివేసవి అంతా పట్టింది.

న్యా కసిల్దా తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతి గడియారం తీసి నాన్నకి అందించింది.

"ఇందులోనైనా మీ చేప ఉందా?"

నాన్న మూత తీసి చూపించాడు. రెండు చేపలు, రెండు తేదీలు. ఆవిడ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదువుకుంది. మళ్ళీ చేతికి పెట్టుకుంది.

"నా బండి ఎంత తిరిగింది దోన్ సిందుల్ఫో?"

"తెలియదు."

"లక్షా? రెండు లక్షలా?"

"తెలియదమ్మా."

"అయితే సున్న పెట్టండి," అంది. "తెలియనిది తెలియనట్టే ఉండాలి. అరవై ఒకటని నా మొహం మీద కూర్చోకూడదు. ఇవాళ్టి నుంచి తిరిగింది నేనే లెక్క పెట్టుకుంటా."

నేను ఇరుసు లాగి, చక్రాలన్నీ సున్నకి తిప్పాను. అన్ని సున్నలు ఒకేసారి నేనెప్పుడూ గుచ్చలేదు. మూయబోతుంటే నాన్న సూది నా వైపు జరిపాడు.

"రాయి."

"చేపా?"

"నా చేప వద్దు. నీ పేరు."

రేకు వెనక తేదీ వేసి, 'అసలు అంకె తెలియదు, చెరిపింది నీమియా' అని గీశాను. న్యా కసిల్దా పైకి చదవమంది. చదివాను. ఆవిడ బండి ఎక్కి, ఇంటికి కాకుండా తిన్నగా మెకానిక్కు దగ్గరికి పోయింది.

మర్నాడు వచ్చి పాత బెల్టు నా బల్ల మీద పడేసి వెళ్ళింది. అడ్డంగా పగుళ్ళు. ఒకచోట నాలుగు పళ్ళు లేవు. ఇది ఎన్నాళ్ళు ఉండేదని ఎవర్నీ అడగలేకపోయాను. దాన్ని పారేయడానికీ చేతులు రాలేదు.

సంగతి ఊరంతా పాకింది. ఆవిడ దాచలేదు, దాచమని అడిగే మొహం మాకు లేదు. ఆ వారమంతా జనం ఒక్కొక్కరే వచ్చి, బాగుచేయడానికి ఇచ్చిన గడియారాలు తిరిగి పట్టుకుపోయారు, బాగుకానివి కూడా. నాన్న ప్రతి ఒక్కరికీ లేచి నిలబడి అందించాడు. ఎవేలియో కూడా వచ్చాడు. మేస్త్రీకి మతి పోయిందని నాలుగు మాటలన్నాడు. పోలీసులకి చెబుతాననో చెప్పొద్దనో ఏదో బెదిరింపుగా గొణిగి, తువ్వాలు భుజాన వేసుకుని వేరే మనిషిని వెతుక్కుంటూ పోయాడు. పోలీసులు ఎప్పుడూ రాలేదు. గోడ మీది గడియారాలు కూడా వెళ్ళిపోయాక మా వసారాలో టిక్కుమనేది ఏదీ మిగలలేదు. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడడానికి మా ముగ్గురికీ చాలా రోజులు పట్టింది.

నేను అమ్మతో చీపా బుట్ట మోయడం మొదలుపెట్టాను. బళ్ళు తెరిచిన సోమవారం పొద్దున మలుపు దగ్గర నిలబడి ఉండగా తెల్ల వ్యాను వచ్చింది. లోపల పదకొండు మంది, కిటికీల నిండా తెల్ల చొక్కాలు. న్యా కసిల్దా అటూ ఇటూ చూసి, లారీలు పోయాక, హైవే దాటింది. అవతలి గట్టు ఎక్కేదాకా బుట్ట దించకుండా చూస్తూ నిలబడ్డాను. వెనక్కొచ్చేటప్పుడు మా ముందు బండి ఆపి, నా మొహం చూడకుండా, మీటరు చూసి చదివింది.

"యాభై మూడు."

అంతే, వెళ్ళిపోయింది. మర్నాడు డెబ్బై ఒకటి అంది. మంచీ లేదు, చెడూ లేదు, పలకరింపు అదే. వారం గడిచాక బుట్టలోంచి ఒక చీపా తీసుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.

సాన్ బ్లాస్‌కీ ఆ శనివారానికీ మధ్య నేను చేసిన మీటర్లు ఇంకా పాతిక దాకా ఉంటాయి. అవన్నీ ఈ హైవే మీదే తిరుగుతున్నాయి. ఏది ఏదో గుర్తుపట్టలేను. జపాను బండి ఏది ఎదురొచ్చినా కాళ్ళు రోడ్డు మీదకి లాగుతాయి. ఆపితే చెప్పడానికి నా దగ్గర అంకె లేదు. అయినా ఆపాను, నలుగురిని. ఇద్దరు బెల్టు మార్పించుకున్నారు, ఒకడు తిట్టాడు, ఇంకొకడు నాకు పిచ్చనుకున్నాడు.

మార్చి నెలాఖరుకి ఎండ కాస్త మెత్తబడింది. ఒకరోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నాన్న ఖాళీ బల్ల ముందే కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ ఎంతంది?" అన్నాడు. ఆ శనివారం తర్వాత ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

బుట్ట అడుగు నుంచి బిస్కెట్ల డబ్బా మూత తీశాను. పిచ్చిగీతలున్న వైపు కాదు, రెండో వైపు. దాని మీద ఆ సోమవారం నుంచి ఆవిడ చెప్పిన ప్రతి అంకెనీ, తేదీ వేసి, సూదితో గీస్తూ వచ్చాను. ఆయన చేతిలో పెట్టాను. గోరు పై వరస నుంచి నెమ్మదిగా దిగుతూ వచ్చి, చివరి వరస దగ్గర ఆగింది.

"నాలుగు, సున్న, ఆరు," అన్నాడు నాన్న.

"అవును," అన్నాను.